వేగం నేర్చిన బండికి నిగ్రహం నేర్పాలి

గుర్రానికి కళ్ళెం, ఎద్దుకు ముకుతాడు, ఓడకు లంగరు. వేగాన్ని సంపాదించుకున్న ప్రతి చోటా మానవుడు దానిని నిలుపుకొనే సాధనాన్ని కూడా సంపాదించుకున్నాడు. మోటారు బండి విషయంలో మాత్రం ఈ ప్రాథమిక ధర్మాన్ని మన యువకులు కొందరు విస్మరిస్తున్నారని మాకు తోస్తున్నది. పాత అంబాసిడరునో, ఫియట్‌నో, జీపునో, తొలినాటి మారుతీ 800నో చవకగా కొనడం, ఇంజను మార్చడం, వెడల్పు టైర్లు తొడగడం, సైలెన్సరుకు సింహగర్జన నేర్పడం నేడు ఒక సరదా అయింది. ఆ సరదాను మేము నిందించబోవడం లేదు. చేతితో ఒక యంత్రాన్ని విప్పి, మార్చి, తిరిగి నడిపించాలనే కోరిక సోమరితనం కన్న వేయి రెట్లు మేలు. అయితే అంత శ్రమపడి మార్చిన బండి కిందికి వంగి చూస్తే, పెడలు నుంచి చక్రానికి పోయే ఆ సన్నని బ్రేకు గొట్టం మాత్రం ఎన్నడో బండి పుట్టిన నాటిదే, తుప్పు పట్టి, పొక్కులు లేచి వేలాడుతుంటుంది. మా అభిప్రాయంలో మార్చిన బండి యోగ్యతను కొలవవలసింది ఆ గొట్టంతోనే.

తెలుగు పాఠాలు చెప్పుకొనే వారికి బ్రేకు గొట్టాలతో పనేమని ఎవరైనా నవ్వవచ్చు. దారి అందరిదీ గనుక దారిన పోయే బండి బ్రేకు కూడా అందరి విషయమేనని మా మొదటి సమాధానం. ఒక విద్య ఏ భాషలో బ్రతుకుతున్నదో గమనించడం భాషోపాధ్యాయుల ధర్మమే గనుక ఈ విషయం మా విషయం కూడా అవుతుందని రెండవ సమాధానం. ఈ రెండవ సంగతికి తరువాత వస్తాము.

ముందుగా శాస్త్రాన్ని కొంచెం స్మరించుకుందాం. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒక చోట పీడనం కలిగిస్తే అది తగ్గకుండా అన్ని దిక్కులకూ ప్రసరిస్తుందని ఫ్రెంచి మేధావి బ్లేజ్ పాస్కల్ నిరూపించాడు. ఆయన 1662లో మరణించగా ఆ గ్రంథం మరుసటి ఏడు, 1663లో అచ్చయింది. మన ఇంటర్మీడియట్ విద్యార్థి ఈ సూత్రాన్ని కంఠస్థం చేసి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకుంటాడు. దానినే అమెరికాకు చెందిన మాల్కమ్ లాక్‌హీడ్ 1917లో బ్రేకులకు పేటెంటు చేయించుకున్నాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులతో వెలువడింది. అంతకు పూర్వం కడ్డీలు, తీగలు లాగి బ్రేకు వేసేవారు. ఒక తీగ బిగువుగాను, మరొకటి వదులుగాను ఉంటే బండి ఒక పక్కకు ఈడ్చేది. ద్రవానికి ఆ పక్షపాతం లేదు. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ సమానంగా పంచుతుంది. కాని దాని న్యాయం గొట్టం చెక్కుచెదరకుండా ఉన్నంత వరకే. ఎక్కడో ఒక చోట సూదిమొన అంత రంధ్రం పడితే ఆ ధర్మమంతా నేలపాలు.

ఒకే వలయంలో నాలుగు చక్రాలూ కట్టిన పాత బండ్లలో ఒక గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ ఒక్కసారి పోతాయి. ఈ ప్రమాదాన్ని తప్పించడానికే మాస్టర్ సిలిండరును రెండు గదులుగా చేసి, రెండు వేర్వేరు వలయాలు కట్టే పద్ధతి వచ్చింది. అమెరికాలో 1968 జనవరి నుంచి కొత్త కార్లకు దానిని నిర్బంధం చేశారు. 1950లు, 60ల నాటి రూపంలో ఉన్న బండిని కొని మార్చాలనుకునే వారు అన్నిటికన్న ముందు చేయవలసిన మార్పు ఇదే. కొత్త ఇంజను కోసం డబ్బు దాచుకుంటున్న మిత్రునికి మా మనవి ఇది: మొదటి వేలు రెండు వలయాల మాస్టర్ సిలిండరుకు, కొత్త గొట్టాలకు ఖర్చు చేయండి. మిగిలిన దానితో ఇంజను సంగతి ఆలోచించండి.

వేగం పెరిగితే ఆపవలసిన భారం ఏ లెక్కన పెరుగుతుందో మనవాళ్ళలో చాలామందికి మనసుకు ఎక్కలేదు. వేగం రెట్టింపైతే ఆగే దూరం రెట్టింపవుతుందని వారి ఊహ. నిజానికి అది నాలుగింతలవుతుంది. సెకనుకు సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గించగల బ్రేకులు ఉన్నాయనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ బండి బ్రేకు పట్టిన తరువాత సుమారు 10 మీటర్లలో ఆగుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో 41 మీటర్లు, 100 కిలోమీటర్ల వేగంలో 64 మీటర్లు కావాలి. చూచి, తెలిసి, కాలు పెడలు మీదికి చేరే లోపల గడిచే ఒక్క సెకనులో బండి మరో 11, 22, 28 మీటర్లు పోనే పోతుంది. ఇక వేడి సంగతి. 1200 కిలోల బండిని 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి నిలిపితే పుట్టే వేడి, దాదాపు ఒక లీటరు నీటిని మరిగించడానికి సరిపోతుంది. ఆ వేడి అంతా పుట్టేది అరచేయంత ప్యాడ్ల దగ్గర. శ్రీశైలం ఘాటులో నల్లమల వంపులు దిగుతూ కాలు పెడలు మీద నుంచి తీయని డ్రైవరు ప్రతి వంపు దగ్గరా ఒక కెటిల్ నీళ్ళు కాస్తున్నట్టే లెక్క.

ఈ వేడే బ్రేకు ఆయిలుకు శత్రువు. మనం ఆయిలు అని పిలుస్తున్నా అది నూనె కాదు. అది గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకునే గ్లైకాల్ ద్రవం. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన తరువాత ఆ ప్రమాణం 140 డిగ్రీలకు దిగిపోతుంది. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అప్పుడు పెడలు దూదిలో కాలు పెట్టినట్టు దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే రెండేళ్ళకు ఒకసారి పాత ద్రవాన్ని పూర్తిగా తీసి కొత్తది పోయాలని తయారీదారులు సాధారణంగా చెబుతారు. మూత తీసి నెలల తరబడి అటక మీద పెట్టిన డబ్బాలోది పోయడం డబ్బు మిగల్చడం కాదు, ప్రాణంతో బేరమాడడం. డాట్ 5 అనే సిలికాన్ ద్రవాన్ని పై రెండింటితో కలపకూడదు. కిరోసిను, పెట్రోలు, ఇంజను ఆయిలు చుక్క తగిలినా లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. విడి భాగాలను కిరోసినుతో కడిగే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు. బ్రేకు భాగాలను మాత్రం స్పిరిటుతోనో, కొత్త బ్రేకు ఆయిలుతోనో కడగాలి.

ఇక మార్పుల పేరిట జరిగే పొరపాట్లను పరిశీలిద్దాం. మొదటిది, పెద్దదంతా మంచిదనే భ్రమ. కాలితో 30 కిలోల బలం వేశామనుకోండి. పెడలు మీట దానిని ఐదింతలు చేస్తే పిస్టను మీద 150 కిలోల బలం పడుతుంది. మాస్టర్ సిలిండరు లోపలి వ్యాసం ముప్పావు అంగుళమైతే వైశాల్యం సుమారు 2.85 చదరపు సెంటీమీటర్లు, ద్రవంలో పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 53 కిలోలు. అదే చోట ఒక అంగుళం సిలిండరు వేస్తే వైశాల్యం 5.07కు పెరిగి పీడనం 30 కిలోలకు దిగుతుంది. పెడలు రాయిలా గట్టిగా తగులుతుంది. దానిని చూచి మిత్రుడు బ్రేకు బిగువుగా ఉందని మురిసిపోతాడు. నిజానికి అతని బ్రేకు బలం సగానికి దగ్గరగా పడిపోయింది! అలాగని మరీ చిన్నది వేస్తే, పెద్ద డిస్కు బ్రేకుల పిస్టన్లను కదిలించడానికి చాలినంత ద్రవం పోక పెడలు నేలకు తగులుతుంది. కనుక చక్రాల దగ్గరి పిస్టన్లను లెక్కించి మాస్టర్ సిలిండరును ఎన్నుకోవాలి. అందమో, ధరో చూచి కాదు.

రెండవది, ముందు చక్రాల డ్రమ్ములు తీసి డిస్కులు బిగించి, అంతటితో పని అయిందనుకోవడం. ఇల్లు అలకగానే పండుగ కాదు. 1953లో ఫ్రాన్సులోని లెమాన్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచిన నాటి నుంచి వాటి మహిమను లోకం గుర్తించింది. అయితే డ్రమ్ము లోపలి షూకు, తిరిగే డ్రమ్మే తనవైపు లాక్కొని బిగించే గుణం ఉంది. డిస్కుకు ఆ సాయం లేదు గనుక ఎక్కువ పీడనం కావాలి. అందుకే బూస్టరు పెడతారు. అది పెట్రోలు ఇంజను గాలి పీల్చేటప్పుడు ఏర్పడే శూన్యంతో పనిచేస్తుంది. పాత బండికి డీజిలు ఇంజను దించిన వారు ఇక్కడే మోసపోతున్నారు. డీజిలు ఇంజనులో ఆ శూన్యం ఏర్పడదు. దానికి వేరే పంపు ఉండి తీరాలి. పంపు లేని బూస్టరు గోడకు తగిలించిన గడియారపు బొమ్మ వంటిది. అలాగే డ్రమ్ముల కోసం ఉద్దేశించిన పాత మాస్టర్ సిలిండరులో కొంత పీడనాన్ని ఎప్పుడూ నిలిపి ఉంచే చిన్న కవాటం ఉండవచ్చు. దానిని తీయకుండా డిస్కులకు కలిపితే ప్యాడ్లు నిత్యం రాసుకుంటూ కాలిపోతాయి.

మూడవది, ముందు వెనుకల పొందిక. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది, వెనుక చక్రాలు తేలికవుతాయి. వెనుక బ్రేకు అవసరాన్ని మించి పట్టితే ఆ చక్రాలు ముందే బిగుసుకొని బండి బొంగరంలా తిరుగుతుంది. వెనుక పీడనాన్ని అదుపు చేసే వాల్వును తీసి పారవేసి, గొట్టాన్ని నేరుగా కలిపి, బ్రేకు బాగా పెరిగిందని చెప్పే వారిని నమ్మరాదు.

నాలుగవదీ, మా దృష్టిలో అతి ప్రమాదకరమైనదీ గొట్టాల అతుకు పని. ఫ్రిజ్ మరమ్మతు దుకాణంలో దొరికే రాగి గొట్టం చవక, చేతితోనే వంగుతుంది. కాని శుద్ధమైన రాగి కుదుపులకు గట్టిపడి, పెళుసై, చివరకు చిట్లుతుంది. బ్రేకులకు వాడదగినవి రెండు. ఒకటి, రాగితో అతికి రెండు పొరలుగా చుట్టిన ఉక్కు గొట్టం. రెండవది, సుమారు 90 పాళ్ళు రాగి, 10 పాళ్ళు నికెలు కలిసిన మిశ్రలోహపు గొట్టం. ఈ రెండవది తుప్పు పట్టదు, సులభంగా వంగుతుంది. స్వీడనుకు చెందిన వోల్వో వంటి కంపెనీలు 1970ల నుంచి దీనిని వాడుతూ వచ్చాయి. సముద్రపు గాలి తగిలే మచిలీపట్నం, కాకినాడ, నెల్లూరు ప్రాంతాల వారికి ఇదే శ్రేయస్కరమని మా అభిప్రాయం.

మరలనూ పోల్చి చూడాలి. మోరిస్ వంశపు అంబాసిడరుది అంగుళాల కొలత, ఫియట్‌ది, మారుతీది మిల్లీమీటర్ల కొలత. అంగుళంలో మూడు ఎనిమిదో వంతు నట్టు 9.5 మిల్లీమీటర్లు, మరొకటి 10 మిల్లీమీటర్లు. కంటికి తేడా కనిపించదు. చిన్నది పెద్దదాని రంధ్రంలోకి దూరుతుంది, కొంచెం బిగుస్తుంది కూడా. అసలు బలం వేసిన నాడు మర ఊడుతుంది. ఒక బండి బ్రేకును మరో బండికి తగిలించే మార్పులలో ఈ అర మిల్లీమీటరే యముడు.

మంచి పని ఎలా ఉంటుందో కూడా చెప్పకపోతే మా మాట వట్టి మందలింపు అవుతుంది. పాత గొట్టాలను ఊడదీసి, వాటి వంపులనే నమూనాగా పెట్టుకోవాలి. కొత్త గొట్టాన్ని రంపంతో కాక, తిరిగే చక్రపు కట్టరుతో నిట్టనిలువుగా కోయాలి. కోసిన అంచులోని గరుకును తీసి, లోపలి పొడిని గాలితో ఊదివేయాలి. నట్టును ముందుగా గొట్టంలోకి ఎక్కించి, ఆ తరువాతనే మూతిని విప్పాలి. ఇది మరచి, చక్కగా విప్పిన మూతిని మళ్ళీ కోసివేయని శిష్యుడు లోకంలో లేడని ఉస్తాదులు నవ్వుతూ చెబుతారు. మూతి విప్పడంలోనే ఈ విద్య అంతా ఉంది. ఒక్క పొర గరాటులా విప్పితే అంచు చీలుతుంది. విప్పిన అంచును తిరిగి లోపలికి మడిచి రెండు పొరలు చేయాలి. అది 45 డిగ్రీల వాలులో, చుట్టూ సమంగా, పగులు లేకుండా ఉండాలి. పందెపు బండ్ల సామానులో 37 డిగ్రీల వాలు కూడా దొరుకుతుంది. ఆ రెండింటినీ జత చేస్తే ఎంత బిగించినా ద్రవం చెమర్చుతుంది. నీళ్ళ పైపుకు చుట్టినట్టు టేపు చుట్టి ఆ తప్పును కప్పిపుచ్చకూడదు.

గొట్టం నడిచే దారి కూడా ముఖ్యమే. సైలెన్సరు వేడికి దూరంగా, చక్రపు కదలికకు అడ్డు రాకుండా, చాసిస్ ఒడిలో దాక్కొని పోవాలి. జానెడు జానెడున్నరకు ఒక క్లిప్పుతో పట్టి ఉంచాలి. రేకును దాటే చోట రబ్బరు తొడుగు ఉండాలి. మధ్యలో ఒంటె మూపురాల వంటి వంపులు ఉంటే అక్కడ గాలి చిక్కుకుంటుంది. చక్రం దగ్గరి హోసు పైపును స్టీరింగు పూర్తిగా కుడికీ ఎడమకూ తిప్పి, జాకీ మీద చక్రాన్ని వేలాడదీసి చూడాలి. ఎక్కడా లాగకూడదు, రాసుకోకూడదు. ఆ తరువాత గాలి తీయడం. మాస్టర్ సిలిండరుకు అతి దూరాన ఉన్న చక్రంతో ప్రారంభించడం ఆచారం. మన కుడిచేతి స్టీరింగు బండ్లలో అది వెనుక ఎడమ చక్రం. వలయాలను కోణాకోణిగా కట్టిన బండ్లకు మాత్రం తయారీదారు చెప్పిన క్రమాన్ని పాటించాలి. చివరకు ఇంజను నడుస్తుండగా పెడలును ఒక నిమిషం పాటు బలంగా తొక్కి ఉంచాలి. మరొకరు కింద దీపం పట్టుకొని ప్రతి అతుకునూ వేలితో తడిమి చూడాలి. ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి పరీక్షించాలి. వంద కిలోమీటర్లు నడిచిన తరువాత ప్రతి అతుకునూ మరల చూడాలి. ఇంత ఓపిక లేని వారు గొట్టాల జోలికి పోక, ఓపిక గల వారి చేతికి అప్పగించడం మర్యాద.

ఓపిక గల చేతులు మన ఊళ్ళలో కొదువ కాదు. హైదరాబాదు చాదర్‌ఘాట్‌లోనేమి, విజయవాడ ఆటోనగర్‌లోనేమి, ఏ చిన్న పట్టణపు బస్టాండు వెనుకనేమి, మూతి విప్పిన గొట్టాన్ని వేలి కొసతో తడిమి అది చెమర్చుతుందో లేదో చెప్పగల ఉస్తాదులు ఉన్నారు. అక్కడి భాష వినముచ్చటగా ఉంటుంది. పనిముట్టు పేరు ఇంగ్లీషు, క్రియ తెలుగు, మందలింపు ఉర్దూ. కాని అక్కడ ఒక లోటు ఉంది. శాగిర్దుకు చేతి విద్య వస్తుంది గాని దాని వెనుక కారణం తెలియదు. రెండు అంగుళాల సిలిండర్ల తేడాను ఎవరూ లెక్క వేసి చూపలేదు. మన తరగతి గదిలో దీనికి విలోమమైన లోటు. పాస్కల్ సూత్రం నోటికి వస్తుంది గాని, ఆ సూత్రం పనిచేసే గొట్టాన్ని తాకిన వేలు లేదు. రెండూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉండి పలకరించుకోవడం లేదు.

ఇంకొక మాట చెప్పడానికి మాకు సంకోచం లేదు. మన విద్యార్థుల్లో కొందరి తండ్రులు, అన్నలు ఈ పనిలోనే ఉన్నారు. ప్రవేశ పత్రంలో తండ్రి వృత్తి అనే చోట ఆ పిల్లలు వ్యాపారమని వ్రాసి తల దించుకోవడం మేము గమనించాము. వారి తండ్రుల చేతి నైపుణ్యం మీద ఆధారపడి వందల కుటుంబాలు క్షేమంగా ఇళ్ళు చేరుతున్నాయి. అట్టి విద్యను సిగ్గుపడవలసిన దానిగా మనం పిల్లలకు నేర్పి ఉంటే, ఆ నేరం విద్యాలయాలది.

చట్టం సంగతి విద్యార్థులు తెలుసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏటి సవరణతో, చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలో, ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానాయో, రెండూనో విధించే వీలు ఏర్పడింది. కాబట్టి ఇంజను మార్పు ఆలోచన ఉన్నవారు ముందుగా రవాణా కార్యాలయం మెట్లెక్కాలి. పాడైన బ్రేకు గొట్టాన్ని తీసి, ప్రమాణానికి తగిన కొత్త గొట్టం వేయడం మాత్రం మరమ్మతు. దానిని వాయిదా వేయడానికి చట్టాన్ని సాకుగా చెప్పవద్దు.

ఇక మన కళాశాల పాలక సంఘానికి విన్నవించుకోదలచిన విషయం. మార్చిన బండ్లను ఆవరణలోనికి రానీయరాదనే ఆలోచన పెద్దల్లో కొందరికి ఉంటుంది. వారి ఆందోళనను మేము గౌరవిస్తాము. కాని గేటు దగ్గర ఆపిన బండి గేటు బయటి రోడ్డు మీద నడుస్తూనే ఉంటుంది. దాని గొట్టం అక్కడా పగలగలదు. నిషేధం మన కంటికి నిశ్చింత ఇస్తుంది గాని, బండిలో కూర్చున్న పిల్లలకు రక్షణ ఇవ్వదు. దానికి బదులు మేము నాలుగు పనులను సూచిస్తున్నాము.

ఒకటి, విద్యా సంవత్సరారంభంలోను, వేసవి సెలవులకు ముందును ఒక్కొక్క రోజు బ్రేకు తనిఖీ దినంగా పాటించాలి. అనుభవజ్ఞులైన ఇద్దరు ముగ్గురు ఉస్తాదులను ఆహ్వానించి, తక్కిన అతిథులకు వేసినట్టే కుర్చీ వేసి, తగిన గౌరవ వేతనం ఇచ్చి, విద్యార్థుల ఎదుట పని చేయించాలి. రెండు, పాత సామాను దుకాణంలో దొరికే మాస్టర్ సిలిండరు, కొంత గొట్టం, రెండు చక్రపు సిలిండర్లు ఒక చెక్క పలక మీద బిగించి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పెట్టాలి. మూడు, మెకానిక్కుల వాడుకలోని మాటలను ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి సేకరించి, రెండు లిపులలో పట్టికగా వ్రాసి గోడకు కట్టాలి. ఆ భారం మేము సంతోషంగా మోస్తాము. నాలుగు, మార్చిన బండికి ఆవరణలో చోటు కావాలంటే ఈ తనిఖీకి రావాలనే నియమం పెట్టాలి.

ఇది కళాశాల గాని పాలిటెక్నిక్ కాదని కొందరు అనవచ్చు. నిజమే. కవిత్వం చదివే విద్యార్థి అందరూ కవులు కావాలని మనం కోరడం లేదు, మంచి చెడ్డ తెలిస్తే చాలునంటున్నాము. బ్రేకు విషయమూ అంతే. కళాశాల తనిఖీ చేసింది గనుక నా బండికి ఢోకా లేదని విద్యార్థి మరింత వేగంగా పోతే బాధ్యత ఎవరిదని మరొక ఆక్షేపణ రావచ్చు. ఈ ఆక్షేపణలో బరువు ఉంది. అందుకే తనిఖీ పత్రంలో బండి యోగ్యమైనదని ఎన్నడూ వ్రాయరాదు. కనిపించిన లోపాలను మాత్రమే వ్రాసి, ఒక ప్రతిని విద్యార్థికీ, మరొక ప్రతిని అతని తల్లిదండ్రులకూ అందజేయాలి. యోగ్యత నిర్ణయించడం ప్రభుత్వ శాఖ పని, లోపం చూపడం గురువుల పని.

విద్యార్థి మిత్రులారా! మీ బండి పక్క సీటులో కూర్చునే స్నేహితుడు, వెనుక సీటులో కూర్చునే చెల్లెలు మీ మీద నమ్మకంతో ఎక్కుతారు. ఉర్దూలో అమానత్ అనే చక్కని మాట ఉంది. ఒకరు మన చేతిలో పెట్టి వెళ్ళిన సొత్తు, చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించవలసినది. మీ బండిలోని ప్రతి ప్రాణమూ అట్టి అమానతే. ఇంజను బలాన్ని పదిమందికి చెప్పుకొని గర్వించండి, మాకు అభ్యంతరం లేదు. కాని ఆ గొప్ప చెప్పుకొనే ముందు ఒక పాత గోనెపట్టా పరచి, దీపం చేతబట్టి బండి కిందికి దూరండి. మాస్టర్ సిలిండరు నుంచి నాలుగు చక్రాల వరకు గొట్టం వెంట వేలు నడిపించండి. వేలికి తడి తగిలినా, తుప్పు రాలినా ఆ రోజు బండి తీయకండి.